ఆ సూదితో పాటే ఈ రక్తపరీక్ష

ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ సూదులు మొదలుపెట్టి మూడు నెలలైన మనిషి ఉన్నట్టుండి నీరసించిపోతాడు. అన్నం సయించదు. వాంతి వచ్చినట్టుంటుంది. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతాయి. క్యాన్సర్ ముదిరిపోయిందనుకుని ఇంట్లోవాళ్లు బంధువులకు ఫోన్లు చేస్తారు. దగ్గర్లోని డాక్టరు ఒక సెలైన్ ఎక్కించి పంపుతారు. నిజానికి ఆ మనిషిలో క్యాన్సర్ తగ్గుతూనే ఉండవచ్చు, అడుగంటింది కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ అనే హార్మోన్ కావచ్చు. పొద్దున ఎనిమిది గంటల వేళ తీసిన కాస్త రక్తంతో ఆ సంగతి చాలావరకు తేలిపోతుంది. తేలితే ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందుతో కొద్దిరోజుల్లోనే మనిషి లేచి కూర్చుంటాడు. ఆ పరీక్ష ఎవరికీ తట్టకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

క్యాన్సర్‌కు మందు వేస్తే హార్మోన్ ఎందుకు పడిపోవాలి? మన ఒంట్లో కాపలా కాసే టి-కణాలకు పుట్టుకతోనే కళ్లేలు ఉంటాయి. సీటీఎల్‌ఏ-4, పీడీ-1 అలాంటివే. సొంత శరీరం మీద పడకుండా ఆ కణాలను ఆపేవి ఇవి. క్యాన్సర్ గడ్డ ఆ కళ్లేన్నే చేజిక్కించుకుని కాపలా కణాలను నిలబెట్టేస్తుంది. దాన్ని వదిలిస్తే గడ్డ మీదికి దూకుతాయని చూపినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ కళ్లెం తీశాక ఆ కణాలు గడ్డ దగ్గరే ఆగుతాయన్న హామీ లేదు. థైరాయిడ్, మెదడు కింద ఉండి మిగతా గ్రంథులను నడిపే పీయూష గ్రంథి, అడ్రినల్, అరుదుగా క్లోమంలోని ఇన్సులిన్ కణాలు దెబ్బతింటాయి. చర్మానికో పేగులకో వచ్చిన వాపు స్టెరాయిడ్లతో చాలావరకు తగ్గుతుంది. హార్మోన్ గ్రంథి ఒకసారి పాడైతే మాత్రం చాలామంది జీవితాంతం మాత్రల మీద ఉండాల్సిందే.

కంచే చేను మేసే ఈ తీరు వైద్యానికి కొత్తదేమీ కాదు. జపాన్‌లో క్యుషు విశ్వవిద్యాలయానికి చెందిన హకారు హషిమోతో అనే యువ సర్జన్, నలుగురు మహిళల నుంచి కోసి తీసిన థైరాయిడ్ ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. గ్రంథి కణాలు ఉండాల్సిన చోట లింఫోసైట్లు, అంటే టి-కణాల జాతి తెల్ల రక్తకణాలు, కిక్కిరిసి ఉన్నాయి. 1912లో ఆ సంగతిని జర్మన్ పత్రికలో రాశారు. తర్వాత సొంత ఊరికి వెళ్లి మామూలు డాక్టరుగా జనానికి వైద్యం చేస్తూ, 1934లో టైఫాయిడ్‌తో కన్నుమూశారు. ఆ లింఫోసైట్లు అక్కడికి ఎందుకు చేరాయో లోకానికి అర్థం కావడానికి 1956 దాకా పట్టింది. ఆ రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌నే గురిపెట్టే యాంటీబాడీలు ఉన్నాయని లండన్‌లో ఐవన్ రాయిట్, డెబోరా డోనియాక్, పీటర్ క్యాంప్‌బెల్ కనుగొన్నారు. ఈరోజు మన ఇళ్లలో పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లలో ఎంతోమందిది హషిమోతో పేరు మోస్తున్న ఈ జబ్బే. పిల్లలకు వచ్చే టైప్-1 మధుమేహంలోనూ జరిగేది ఇదే. తీపి తిన్నందుకో, తల్లిదండ్రుల అజాగ్రత్త వల్లో వచ్చింది కాదది. ఆ మాటలు పడుతున్న తల్లులు ఇంకా ఉన్నారు కాబట్టే ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

2025 నోబెల్ కూడా ఈ కాపలా గురించే. షిమోన్ సకగుచి, మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వెలుగులోకి తెచ్చింది, మిగతా టి-కణాలను అదుపులో ఉంచే టి-కణాలను. ఫాక్స్‌పీ3 అనే జన్యువు చెడితే ఆ అదుపు పోతుంది. అలా పుట్టిన మగపిల్లలకు పసితనంలోనే మధుమేహం, థైరాయిడ్ జబ్బు ముసురుకుంటాయి. అవే అదుపు కణాలను క్యాన్సర్ గడ్డ తన చుట్టూ పోగేసుకుని దాక్కుంటుంది. అందుకే హార్మోన్ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఒకే రోగి ఫైలును కలిసి చూడాలని మేం అంటున్నాం.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణముంది. పూర్తి మోతాదులో ఇమ్యూనోథెరపీ అంటే లక్షల్లో ఖర్చు. ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వైద్యులు పీడీ-1 కళ్లెం వదిలించే నివొలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ సూదిని మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు, అంటే మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ ఇచ్చి చూశారు. నయమయ్యే దశ దాటిన తల, మెడ క్యాన్సర్ రోగులు వాళ్లు. చవకైన మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నది 16 శాతం, సూది కూడా తోడైనవాళ్లలో 43 శాతం. (ఆ మాత్రల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం పరిశోధనల నుంచి వచ్చిందే.) గుట్కా, ఖైనీ నోళ్లు కొరికేస్తున్న దేశంలో ఇది చిన్న కబురు కాదు. మోతాదు తగ్గి ఖర్చు దిగివస్తే ఈ సూది పేదవాడికీ అందుతుంది. అందాలి కూడా. అయితే సూది నగరంలో పడుతుంది, నీరసం ఊళ్లో మొదలవుతుంది. చివరి సూది పడి నెలలు గడిచాక కూడా గ్రంథులు దెబ్బతినవచ్చు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. ఆరోగ్య పథకంలో ఇమ్యూనోథెరపీకి డబ్బు కట్టే చోట థైరాయిడ్, సోడియం, షుగర్, ఉదయపు కార్టిసాల్ పరీక్షలకు కూడా కట్టండి. సూది మొదలయ్యే ముందు, తర్వాత క్రమం తప్పకుండా అవి జరగాలి. హైడ్రోకార్టిసోన్ ప్రతి జిల్లా ఆస్పత్రి మందుల గదిలో ఉండాలి. థైరాయిడ్, అడ్రినల్ రెండూ మందగించినవాళ్లకు హైడ్రోకార్టిసోన్ ముందు ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. వరస తారుమారైతే రోగి కుప్పకూలే ప్రమాదముంది. డ్యూటీ డాక్టర్లకు, నర్సులకు ఈ ఒక్క సంగతి నేర్పడానికి ఒక పూట చాలు.

స్టెరాయిడ్ల మీద ఆధారపడ్డవాళ్లకు బ్రిటన్‌లో 2020 నుంచి ఎమర్జెన్సీ కార్డు ఇస్తున్నారు. అలాంటి కార్డు ఇక్కడ ప్రతి ఇమ్యూనోథెరపీ రోగి జేబులోనూ ఉండాలి. దాని మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాల్సింది ఇంతే: 'నేను ఇమ్యూనోథెరపీ తీసుకున్నాను. నాకు నీరసం, వాంతులు, తల తిరుగుడు ఉంటే నా హార్మోన్లు చూడండి.'