మా ర్యాంప్ మూడో రోజుకే లేచిపోయింది, పక్క ప్లాట్ మాత్రం అలాగే ఉంది

మా ఇంటి ముందు కాలువ మీద బండి ఎక్కించుకోవడానికి వేసుకున్న ర్యాంప్ అడుగున్నర ముందుకొచ్చిందని ఎవరో కంప్లయింట్ పెట్టారు. మూడో రోజు మున్సిపాలిటీవాళ్లు ఇద్దరు గడ్డపారలతో వచ్చి కొట్టేసి వెళ్లారు. తప్పు నాదే, కాదనను. పూడిక తీసేటప్పుడు అది అడ్డమే. కానీ ఆ సిమెంటు పెళ్లలు ఎక్కడ పడేశారో తెలుసా? పక్కనున్న ఖాళీ ప్లాట్‌లో. ఏ ప్లాట్ గురించి నేను ఎనిమిది నెలలుగా కంప్లయింట్లు పెడుతున్నానో, సరిగ్గా అందులోనే.

200 గజాల ప్లాట్. సర్కారు తుమ్మ మనిషెత్తు దాటింది. లోపల కొబ్బరి బొండాలు, పాత టైరు, పగిలిన కమోడ్, ఎవరో వదిలేసి వెళ్లిన దేవుడి పటాలు. వాన పడితే బొండాల్లో నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, ఆ గుక్కెడు నీళ్లు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. జూలైలో మా చిన్నదానికి ప్లేట్‌లెట్లు 40 వేలకు పడిపోయాయి. ఆ ఐదు రోజుల టెన్షన్ గురించి ఇక్కడ రాయలేను.

మొదటిసారి మున్సిపాలిటీ యాప్‌లో పెట్టినప్పుడు నాలుగో రోజుకి మా వార్డు శానిటేషన్ సెక్రటరీ వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. "ఓనర్ నంబర్ ఏమైనా ఉందా అంకుల్?" అని నన్నే అడిగింది. గోడ వారగా బ్లీచింగ్ చల్లించి, ఫోటో తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడినది. ఫోటోలో తెల్లగా బ్లీచింగ్ గీత, దాని వెనక అడవి.

రెండోసారి పెడితే ప్రైవేటు స్థలం, మాకు సంబంధం లేదన్నారు. మూడోసారి ఓనర్‌కి నోటీసు పంపామన్నారు. పంపింది వాళ్లు పదేళ్ల కిందట అమ్మేసుకున్న ఇంటి అడ్రస్‌కి. కవరు తిరిగొచ్చింది. అయినా రికార్డులో నోటీసు ఇచ్చినట్టే, కంప్లయింట్ క్లోజ్ అయినట్టే. ఆ తర్వాత ఎవరైనా వెళ్లి చూశారా అని అడిగే గడి ఆ యాప్‌లో ఎక్కడా లేదు.

ఓనర్ నంబర్ బ్రోకర్ని పట్టుకుని నేనే సంపాదించాను. డాలస్‌లో ఉంటాడు. మంచి మనిషే. "డిసెంబర్‌లో వస్తున్నా అన్నా, కాంపౌండ్ వాల్ కట్టించేస్తా" అన్నాడు. ఫోన్లో వెనక బర్రుమని ఒకటే మోత. ఏంటది అంటే లాన్ కోస్తున్నారట! అక్కడ గడ్డి 12 అంగుళాలు దాటితే సిటీవాళ్లు నోటీసిస్తారు. కోయకపోతే వాళ్లే కోయించి ఖర్చు ఓనర్ ఖాతాలో వేస్తారు, అదీ కట్టకపోతే ఆ ఇంటి మీదే బాకీగా ఎక్కిస్తారు. 48 అంగుళాలు దాటి ప్రమాదంగా ఉంటే ముందు నోటీసు కూడా ఇవ్వకుండా కోయించే అధికారం టెక్సస్ చట్టమే ఇచ్చింది. ఒకసారి ఇండియా వచ్చి వెళ్లేసరికి తలుపుకి కాగితం అంటించి ఉందట. "దిగిన మర్నాడే కోయించా అన్నా" అన్నాడు. అదే మనిషి, అదే గడ్డి. ఇక్కడ ఎందుకు కోయించడు? కోయించకపోతే ఏమీ కాదు కాబట్టి.

పబ్లిక్ న్యూసెన్స్‌కి పాత ఐపీసీలో జరిమానా 200 రూపాయలు. 2024 జూలైలో దాని బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చాక దాన్ని 1000 చేశారు. అది కూడా గరిష్ఠం. ఆ డబ్బుతో మా ఊళ్లో జేసీబీ గంట కూడా రాదు. ఇక మున్సిపాలిటీల దగ్గర ఎప్పుడూ ఉండే మాట: మనుషుల్లేరు, ఫండ్స్ లేవు. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కూడా కాలువల విషయంలో సుప్రీంకోర్టులో ఇదే చెప్పుకుంది. డబ్బుల్లేవని బాధ్యత తప్పించుకోవడం కుదరదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. నలభై ఏళ్లు దాటినా మనకి అదే జవాబు వస్తోంది.

ఒక విషయం దాచకూడదు. ఆ చెత్తంతా డాలస్ నుంచి రాలేదు. మా సందులో వాళ్లం వేసిందే. కమోడ్ ఎవరిదో నాకు తెలుసు, చెబితే రేపటి నుంచి మొహాలు చూసుకోలేం. మొన్న మా ఇంటికి టైల్స్ మార్చినప్పుడు మేస్త్రీ రెండు తట్టలు అక్కడే కుమ్మరించాడు. నేను చూసి కూడా ఊరుకున్నాను. మరి నా ర్యాంప్ మూడు రోజుల్లో ఎందుకు పోయిందంటే, నేను ఇక్కడే ఉన్నాను, గుమ్మంలో దొరుకుతాను. ఎవరితో గొడవైతే వాళ్ల ర్యాంపు మీదో, మెట్ల మీదో కంప్లయింట్ పెట్టడం మా కాలనీలో ఇప్పుడు మామూలైపోయింది. అలాంటివి మాత్రం చకచకా కదులుతాయి.

మొన్న నాలుగో కంప్లయింట్ పెట్టాను, సిమెంటు పెళ్లల ఫోటోతో. పొద్దున్నే అదే అమ్మాయి ఫోన్. "అంకుల్, అవి మావాళ్లు వేసినవే. కొంచెం వెనక్కి తీసుకోరా? పెండింగ్ ఉంటే నాకు మెమో ఇస్తారు." పాపం అనిపించింది కానీ తీసుకోలేదు.

సాయంత్రం ట్రాక్టర్ వచ్చింది. మా ర్యాంప్ పెళ్లలు మాత్రం ఏరుకుని, ఫోటో తీసుకుని వెళ్లిపోయింది. కొబ్బరి బొండాలు అక్కడే ఉన్నాయి.