కాన్పుకు ముందు నాలుగు వారాలు: దాచుకుంటే మిగిలేవి కావు

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన ఆడపిల్లల్లో చాలామంది నెలలు నిండినా ల్యాప్‌టాప్ మూయరు. ఇప్పుడే సెలవు పెడితే బిడ్డతో ఉండే రోజులు తగ్గిపోతాయన్నది వాళ్ల లెక్క. టెక్సస్‌లో ఆ లెక్క చాలావరకు నిజమే. కాలిఫోర్నియాలో మాత్రం తప్పు. అక్కడి ఫ్రీమాంట్‌లో ఉంటూ టెక్సస్‌లోని డల్లాస్ లెక్క వేసుకుని నడుం పట్టేసినా కుర్చీ వదలని వాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అమెరికా అంతటికీ ఉన్నది 1993 నాటి ఎఫ్ఎంఎల్ఏ, అంటే కుటుంబ, వైద్య అవసరాల సెలవు చట్టం. అర్హత ఉన్నవాళ్లకు ఏడాదిలో 12 వారాలు, అదీ జీతం లేకుండా. కాన్పుకు ముందు మూడు వాడితే తర్వాతకు తొమ్మిదే మిగులుతాయి. టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగికి డబ్బు సంగతి కంపెనీ ఇచ్చే షార్ట్ టర్మ్ డిజెబిలిటీ పాలసీ, అంటే కొంతకాలం పని చేయలేకపోతే జీతంలో కొంత ఇచ్చే బీమా, దాని మీదే ఆధారం. కాన్పుకు ముందు రోజులకు అది రావాలంటే, పని చేయగల స్థితిలో లేదని డాక్టర్ రాసివ్వాలి.

కాలిఫోర్నియా రాష్ట్రమే 1946 నుంచి ఇలాంటి బీమా నడుపుతోంది. జీతం చీటీలో ఎస్‌డీఐ (స్టేట్ డిజెబిలిటీ ఇన్సూరెన్స్) అని ప్రతిసారీ కోత పడేది దానికే. మామూలు గర్భానికి డెలివరీ తేదీకి ముందు నాలుగు వారాల దాకా, తర్వాత ఆరు వారాలు, సిజేరియన్ అయితే ఎనిమిది వారాలు డబ్బు వస్తుంది. 2025 నుంచి అది జీతంలో 70 నుంచి 90 శాతం. వారానికి గరిష్ఠ పరిమితి ఉంది కాబట్టి పెద్ద జీతాల వాళ్లకు ఆ శాతం అందదు. అసలు విషయం వేరే ఉంది: బిడ్డ కోసం రాష్ట్ర చట్టం ఇచ్చే 12 వారాల సెలవు వేరే ఖాతా. ముందు నాలుగు వారాలు తీసుకున్నా అందులో ఒక్క రోజూ తగ్గదు. తీసుకోకపోతే ఆ నాలుగు వారాలు బిడ్డ పుట్టాక కలవవు.

'డిజెబిలిటీ' అన్న మాటే కొందరికి అడ్డు. కడుపుతో ఉంటే వైకల్యమా అని అత్తగారు నొచ్చుకుంటారు. గర్భం వల్ల పని చేయలేని ఉద్యోగిని, మరే కారణంతోనో తాత్కాలికంగా పని చేయలేని ఉద్యోగితో సమానంగా చూడాలని 1978లో అమెరికా చట్టం చేసింది. ఆ పేరు అక్కడ స్త్రీలకు రక్షణగా వచ్చింది. హెచ్1బీ వాళ్లకు ఇంకో భయం, సర్కారు సాయం తీసుకున్నట్టు గ్రీన్‌కార్డు ఫైల్లో పడుతుందేమోనని. ఇది సాయం కాదు, మన జీతంలోంచి కట్టుకున్న బీమా.

మన దేశంలో 2017 సవరణ తర్వాత 26 వారాల ప్రసూతి సెలవులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అయితే అన్నీ ఒకే మూటలోవి కాబట్టి హైదరాబాద్‌లోనూ చివరిదాకా పనిచేస్తారు. ముందు వారాలకు వేరే ఖాతా లేనిచోట తల్లి తన విశ్రాంతిని బిడ్డ వాటాలోంచే తీసుకోవాల్సి వస్తుంది. మార్చాల్సింది అదే.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఎనిమిదో నెలలోనే డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. సెలవు మొదలై తొమ్మిది రోజులు కాకముందు ఎస్‌డీఐ దరఖాస్తు తీసుకోరు, మొదలయ్యాక 49 రోజులు దాటనివ్వకూడదు. మొదటి వారానికి డబ్బు రాదు.