పనిని బట్టి పాట, పనిని బట్టి జోకు

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేస్తున్నవాడిని చూడగానే "వీడికి పని మీద ధ్యాస లేదు" అనేస్తారు మనవాళ్లు. యూట్యూబ్ తెరిస్తేనేమో "ఈ మ్యూజిక్ వింటే ఏకాగ్రత రెట్టింపు" అంటూ గంటల కొద్దీ వీడియోలు. రెండూ నాకు ఒప్పుకోబుద్ధి కావు. ఏ పని చేస్తున్నావని అడక్కుండా ఏం వినాలో, వినకూడదో ఎలా తేలుస్తారు?

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. మిర్చి సీజన్ వస్తే కమీషన్ వ్యాపారుల దగ్గర్నుంచి పట్టీలు (సరుకు అమ్మకం చీటీలు), లారీ బిల్లులు, బ్యాంకు స్లిప్పులు సంచుల్లో దిగుతాయి. వాటిని పార్టీలవారీగా విడదీసి, తేదీల ప్రకారం పేర్చి ఫైల్లో పెట్టాలి. కళ్లకీ చేతులకీ పని ఉంటుంది, బుర్రకి ఉండదు. ఖాళీ బుర్ర ఊరుకోదు కదా, ఇంటి లోన్ దగ్గరికో, మొన్నెవరో అన్న మాట దగ్గరికో పోతుంది. అప్పుడు నాకు స్టాండప్ కామెడీ కావాలి. అదీ చాలాసార్లు విన్నదే కావాలి. కొత్త జోకు మనం ఊహించని మలుపు మీద నడుస్తుంది. ఆ మలుపు కోసం చెవి కాచుకుని కూర్చుంటే చెయ్యి ఆగిపోతుంది. విన్నదైతే ఎక్కడ జనం నవ్వుతారో ముందే తెలుసు. ఆ గొంతూ, ఆ నవ్వులూ తోడుగా నడుస్తుంటాయి, పనీ నడుస్తుంది.

నాకు అందరికంటే ఇష్టం అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్. హాస్యంలోకి రాకముందు ఆయన షికాగోలో అకౌంటెంట్, మా వృత్తివాడే. 1960లో వచ్చిన ఆయన మొదటి రికార్డు పాటల రికార్డులను దాటి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ గెలిచింది. ఫోన్లో మాట్లాడుతున్నట్టు చేసేవాడు. అవతలివాళ్ల మాట వినపడదు, మనమే ఊహించుకోవాలి. అది పూర్తిగా చెవి కోసం చేసిన హాస్యం. ఇప్పుడు మన తెలుగు స్టాండప్ చాలావరకు వీడియోగానే వస్తోంది. మొహం చూస్తే తప్ప నవ్వు రాని జోకు పనిలో ఉన్నవాడికి అక్కరకు రాదు. మనవాళ్లు ఆడియో ఆల్బమ్‌లు కూడా చెయ్యాలని నాకు గట్టిగా ఉంది. ఆకాశవాణి విజయవాడ నాటకాలూ, సంక్షిప్త శబ్దచిత్రాలూ వింటూ పప్పు ఏరుకున్న, మిషన్ కుట్టుకున్న జనం మనం. వినేవాళ్లు లేకపోవడమేంటి?

అయితే నెలలో 14వ తేదీ దాటాక నా చెవిలో ఒక్క మాట కూడా ఉండదు. జీఎస్టీ 2బి, అంటే క్లయింటుకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా వస్తుంది, చాలామంది క్లయింట్లకు 20లోపు 3బి అనే నెలవారీ పన్ను రిటర్ను వెయ్యాలి. బిల్లు నంబరు మనసులో పట్టుకుని ఇంకో కాలమ్‌లో వెతకాలి. అలా పట్టుకునేది లోలోపల మనకు మనం చెప్పుకుంటూనే. పక్కన ఇంకెవరైనా మాట్లాడితే అది చెదిరిపోతుంది. 1976లోనే కోల్, వెల్ష్ అనే పరిశోధకులు ఇది చూపించారు. అక్షరాల వరుస గుర్తుపెట్టుకునేవాళ్లకు వాళ్లకు రాని జర్మన్ భాషలో మాటలు వినిపించినా తప్పులు పెరిగాయి. అంటే అర్థం తెలియకపోయినా మాట మాటే. అందుకని ఆ వారం నాకు చిట్టిబాబు వీణ, మాండలిన్ శ్రీనివాస్. సినిమా పాటల ట్యూన్లు వాద్యం మీద వాయించినవి కూడా పెట్టను, సాహిత్యం దానంతటదే నోట్లోకి వచ్చేస్తుంది. నోటీసుకు జవాబు రాయాల్సి వస్తే వీణ కూడా వద్దు, ఫ్యాన్ చప్పుడు చాలు.

సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారం 1993లో మొదలైంది. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపిస్తే ఒక రకం పరీక్షలో కాసేపు మార్కులు పెరిగాయి. ఆ ప్రభావం పావుగంటకు మించలేదు. అయినా 1998లో అమెరికాలో జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సీడీ ఇద్దామన్నాడు!

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా అక్క కొడుకు విజయవాడ దగ్గర ఓ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాడు. పొద్దున్నే స్టడీ అవర్‌లో మైకులో మోటివేషన్ స్పీచ్‌లు పెడతారట. "ఫార్ములా సగం చదివేసరికి ఆయన అరుస్తాడు మావయ్యా, మళ్లీ మొదటికి రావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వందల మంది పిల్లలు కంఠస్థం చేసే గంట అది. సరిగ్గా ఆ గంటలోనే చెవిలో మాటలు పొయ్యడమేంటి? స్ఫూర్తి ఇవ్వాలంటే అసెంబ్లీలో ఇవ్వండి, భోజనాల దగ్గర ఇవ్వండి, ఎవరొద్దన్నారు? అదే పిల్లాడు రికార్డులో బొమ్మలు గీసుకుంటూ పాటలు వింటే మాత్రం ఫోన్ లాక్కుంటారు! మీ పిల్లలు హాస్టల్లో ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి, స్టడీ అవర్‌లో మైకు మోగుతోందా అని అడగండి. మోగుతుంటే ఆపించండి. నేనూ, అక్కా వచ్చే ఆదివారం అదే పని మీద వెళ్తున్నాం.