క్యాన్ ఒకటి, హెడ్డులు అయిదుగురు

ఇస్రో వాళ్లు ఇంకా చాలా నేర్చుకోవాలండి. అంత పెద్ద రాకెట్‌కి ఒక్కడే మిషన్ డైరెక్టర్ ఉంటాడంట, ఏం పీనాసితనమో. హైదరాబాద్ శివార్లలో ఓ ప్రైవేట్ స్పేస్ ఇంజినీరింగ్ క్యాంప్‌కి పోతే మా ఆరుగురి టీమ్‌లో టీ చల్లారేలోపే మిషన్ డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, సిస్టమ్స్ హెడ్, స్ట్రాటజీ హెడ్ తయారైపోయారు, నాకు డాక్యుమెంటేషన్ హెడ్ దక్కింది. ఆరో మనిషికి ఏ హెడ్డూ మిగల్లేదు, అందుకని ఆ పాలిటెక్నిక్ అమ్మాయి పని చేయాల్సొచ్చింది.

పనంటే క్యాన్‌శాట్. కూల్‌డ్రింక్ టిన్ను సైజు డబ్బాలో ప్రెజర్ సెన్సర్, చిన్న కంప్యూటర్‌లాంటి బోర్డు, రేడియో, బ్యాటరీ ఇరికించి, పారాచూట్ కట్టి డ్రోన్ మీంచి వదిలితే అది దిగుతూ గాలి ఒత్తిడిని బట్టి ఎంత ఎత్తులో ఉందో కిందకి చెప్పాలి. శాటిలైట్ పనంతా టిన్నులో పట్టేలా పిల్లలకి నేర్పొచ్చని 1998లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్ చెప్పిన ఐడియా ఇది. పెద్దాయన లోగో సంగతి మర్చిపోయాడు పాపం. మేం మర్చిపోలేదు.

లోగోలో గద్ద ఉండాలని అందరూ ఒప్పుకున్నారు, ఎటు చూడాలన్న దగ్గర టీమ్ రెండుగా చీలింది. కుడికి చూస్తే ఫ్యూచర్ అని డైరెక్టర్, కాదు ఈశాన్యం చూడాలని డిప్యూటీ, చూడాలంటే ముందు టీషర్ట్ వేసుకున్నోడు ఎటు తిరిగి నిలబడతాడో తేలాలి కదా అని సిస్టమ్స్ హెడ్. వాళ్ల బాబాయికి వాస్తు తెలుసని డిప్యూటీ వీడియో కాల్ కలిపాడు, ఆయన గద్దని వదిలేసి మా వాష్‌రూమ్ ఏ మూల ఉందో అడగడం మొదలెట్టాడు. ఇంతలో స్ట్రాటజీ హెడ్ గద్దకి కిరీటం పెట్టాడు. మిషన్ పేరు గరుడ-1. ఒకటెందుకురా అంటే, రెండోది ఉందని జనం అనుకోవాలి బ్రో అన్నాడు.

మూల టేబుల్ దగ్గర బోర్డుకి సెన్సర్ దొరకట్లేదు. లైబ్రరీ, అంటే సెన్సర్ కోసం రెడీమేడ్‌గా దొరికే కోడ్, దాన్ని 0x77 అడ్రస్‌లో వెతుకుతోంది, మాకిచ్చిన చీప్ సెన్సర్ మాడ్యూల్ 0x76లో కూర్చుంది. ఆ అమ్మాయే పట్టుకుంది, ఒక్క లైన్ మార్చి బోర్డుని టేబుల్ మీంచి తల పైకి ఎత్తితే స్క్రీన్ మీద ఎత్తు దాదాపు మీటర్ పెరిగింది. చూసిన నాథుడు లేడు, కిరీటంలో రాళ్లు ఎన్నో తేలలేదు మరి. గాలి కొంచెం బయటికి పోతే ఊగకుండా దిగుతుందని పారాచూట్ నడిమధ్యలో చిల్లు పెడితే మాత్రం స్ట్రాటజీ హెడ్ పరిగెత్తుకొచ్చాడు, డిఫెక్ట్ పీస్ మనకెందుకు అని.

మొదటి రోజు చీఫ్ గెస్ట్ ఎప్పుడూ చెప్పే కథే చెప్పాడు. 1979లో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడితే అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ ప్రెస్ ముందు తనే నిలబడ్డాడు, 1980లో సక్సెస్ అయితే ఆ ప్రాజెక్ట్ నడిపిన కలాంని ముందుకి పంపాడు అని. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మా డైరెక్టరే.

చివరి రోజు క్యాన్ బ్రహ్మాండంగా దిగింది. ఎత్తు ఎలా లెక్కేశారని జడ్జి అడిగితే డైరెక్టర్ "జీపీఎస్ సార్, ఏఐ కూడా వాడాం" అన్నాడు. డబ్బాలో జీపీఎస్సే లేదు! ఆ అమ్మాయి మైక్ అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి "తను సపోర్ట్ సార్" అన్నాడు.

సపోర్టా? సోల్డరింగ్ ఐరన్‌తో వేళ్లు కాల్చుకున్నది సపోర్టా? సిగ్గుండాలి కదరా. వీడి సంగతి సరే, ఫీజు ముక్కుపిండి వసూలు చేసిన క్యాంప్ వాళ్లకేమైంది? ఈ వైర్ ఎవరు అతికారు, ఈ లైన్ ఎవరు రాశారు అని ఒక్క మెంటారైనా అడిగాడా? పైగా ముందే "అమ్మాయివి కదా, చార్ట్ నీట్‌గా నువ్వెయ్యి" అని స్కెచ్ పెన్నులు చేతిలో పెట్టిన మహానుభావుడు కూడా మెంటారే. టీమ్‌వర్క్ అంట, టీమ్‌వర్క్! ఒకరు పని, అయిదుగురు టీమ్.

బెస్ట్ లీడర్‌షిప్ అవార్డు ఎవరికో మీకు చెప్పక్కర్లేదు. రాత్రికల్లా లింక్డ్‌ఇన్‌లో పోస్ట్, "నేను డిజైన్ చేసిన శాటిలైట్" అని, కింద కంగ్రాట్స్ అన్నా, ప్రౌడ్ ఆఫ్ యూ అన్నా, గద్ద అదిరింది అన్నా. నేనూ లైక్ కొడతా బ్రో, ఆ సెన్సర్ అడ్రస్ ఎంతో చూడకుండా చెప్పు.