మాస్టారు వెతికిన పత్రికలు

తెలుగు కథకుడు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 2021 జూన్ 4, శుక్రవారం నాడు శ్రీకాకుళంలో తన ఇంట్లోనే కన్నుమూశారు. ఇంకో అయిదు నెలలు ఉండి ఉంటే ఆయనకు 97 నిండేవి. మామూలు రోజులయితే విశాఖపట్నం నుంచి, విజయనగరం నుంచి, హైదరాబాదు నుంచి బస్సులూ రైళ్లూ ఎక్కి జనం వచ్చేవారు. కరోనా వల్ల మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి కర్ఫ్యూ పడిపోతున్న రోజులవి. ఆయన కథలు చదివి పెరిగిన చాలామంది చివరి చూపుకు నోచుకోలేక ఫోన్లలోనే ఒకరినొకరు ఓదార్చుకున్నారు. నిండు వయసులో పోయారు కదా అని సరిపెట్టుకుందామన్నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆయన మిగిల్చి వెళ్లిన పని ఇంకా చాలా ఉంది.

శ్రీకాకుళం జిల్లా లావేరు మండలం మురపాకలో 1924 నవంబరు 9న పుట్టారు. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ స్కూల్లో ముప్ఫయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. కథకుల్లో లెక్కల మాస్టార్లు అరుదు. మాస్టారి కథ చదివితే మాత్రం ఆశ్చర్యం వేయదు. ఆయన రాసిన మాటల్లో ఒకటి తీసేస్తే కథ ఒరుగుతుంది, ఒకటి కలిపితే బరువవుతుంది. బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఒక మెట్టు దాటేస్తే వెనక బెంచీ పిల్లవాడు దారి తప్పుతాడని తెలిసిన మనిషి చేత్తో రాసిన కథలవి.

1966లో 'యువ' పత్రికలో అచ్చయిన 'యజ్ఞం' సంగతే చూడండి. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడనే దళిత రైతు ఎప్పుడో చేసిన అప్పు. ఆ తగువు తీర్చడానికి కూర్చున్న పంచాయితీ. కథ చాలాభాగం ఆ పంచాయితీలోనే నడుస్తుంది. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, పెద్దమనిషి శ్రీరాములు నాయుడు ధర్మాత్ముడు. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి, లెక్కలో పైసా తేడా లేదు. అంతా న్యాయంగానే ఉన్నట్టుంది. అప్పు తీర్చడమే ధర్మమని తీర్మానమయ్యాక అప్పల్రాముడి కొడుకు సీతారాముడు లేచి వెళ్లి, తన బిడ్డ ఈ అప్పుకు బానిస కాకూడదని తన చేత్తోనే ఆ పసివాణ్ణి చంపి సభ ముందుకు తెస్తాడు. ఆ ముగింపు మీద ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. ఇలా ఎందుకు రాశారని కొట్టుకున్నారు, ఇలా కాక ఎలా రాస్తారని కొట్టుకున్నారు. అప్పటిదాకా తెలుగు పాఠకుడు అభివృద్ధి అనే మాటను అనుమానించడం ఎరగడు. ఆ పని మన జిల్లా యాస మాట్లాడే మనుషుల చేత మాస్టారు చేయించారు. పనివాళ్ల నోటా హాస్యగాళ్ల నోటా మాత్రమే వినబడే ఈ యాసను న్యాయం అడిగే గొంతుగా నిలబెట్టారు. శ్రీకాకుళం వాళ్లు ఇందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నారు.

ఆ కథకు ముందు దాదాపు ఎనిమిదేళ్లు ఆయన ఏమీ రాయలేదు. 1940ల్లో మొదలుపెట్టి 1950ల్లో కొంతకాలం రాసి, అక్కడ ఆపేశారు. రాస్తున్న కథలు తనకే నచ్చలేదు. చూస్తున్న జీవితం తనకు పూర్తిగా అర్థం కాలేదనిపించింది. ఊరుకున్నారు, చదివారు, మనుషుల్ని గమనించారు, మళ్లీ రాశారు. పొద్దున ఏదో తోచగానే మధ్యాహ్నానికి అచ్చులో చూసుకోవాలనే తొందరలో ఉన్న మనకు, వార్త రాసే మా లాంటి వాళ్లతో సహా, ఈ ఎనిమిదేళ్ల మౌనం నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. మా డెస్క్‌లో కొత్తగా చేరే పిల్లలకు మేము ఆయన కథల కంటే ముందు ఈ సంగతి చెబుతాం.

ఇంత చేసిన మనిషి 1970ల తరవాత కొత్త కథలు బహు తక్కువగా రాశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1995లో 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి అవార్డు ఇచ్చింది. ఏ రచయితయినా ఆ ఊపులో ఇంకో నాలుగు పుస్తకాలు వేసుకుంటాడు. మాస్టారు ఆ డబ్బును మొదటి పెట్టుబడిగా పెట్టి ఇతరుల కథల కోసం ఇల్లు కట్టారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయం తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికి అందులో ఉన్నవి 800 పుస్తకాలు. ఆయన వయసు 72.

ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఈ ఘట్టమే. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్క చోట దొరకాలని ఆయన కోరిక. గొప్ప రచయితదని, చిన్న రచయితదని తేడా లేదు. జీవితంలో ఒకే ఒక్క కథ రాసి ఆపేసిన గుమాస్తాదీ కావాలి, పేరు మార్చుకుని రాసిన గృహిణిదీ కావాలి. ఏ పత్రికలో వచ్చింది, ఏ నెల, ఏ సంవత్సరం, ఆ వివరాలన్నీ రాసిపెట్టాలి. లెక్కల మాస్టారి పట్టుదల ఇక్కడ మళ్లీ పనికొచ్చింది. ఉత్తరాలు రాసి అడిగారు, ఊళ్లు తిరిగి అడిగారు, ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకున్నారు, ఇవ్వనివాళ్ల దగ్గర నకళ్లు తీయించారు. ఎందరో రచయితలూ మిత్రులూ ఆయనతో కలిసి నడిచారు. ఆ సేకరణలో చాలా భాగం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. గోడల మీద వరసగా కథకుల ఫొటోలు, వాటి కింద బైండు చేసిన పత్రికలు. 1910లో విజయనగరం గురజాడ 'దిద్దుబాటు' రాసిన దగ్గర్నుంచి, ఈ నేల మీదే పుట్టిన కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) మీదుగా ఇవాళ్టి పిల్లల దాకా అందరూ ఆ ఒక్క కప్పు కిందే ఉన్నారు.

పాత పత్రిక పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది ఈ పని ఎంత కష్టమో. యాభై అరవై ఏళ్ల నాటి వారపత్రిక కాగితం టీ రంగుకు తిరిగి ఉంటుంది. అంచు పట్టుకుని పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. కుట్టు దగ్గర పిన్ను తుప్పు పట్టి చుట్టూ ఎర్రటి మరక చేసి ఉంటుంది. కథ సరిగ్గా మూడో పేజీలో ఉండగా చెదలు ఆ మూడో పేజీనే తిని ఉంటాయి. ఇంకో ప్రతి దొరికేదాకా ఆ కథ సగమే. ఇంకో ప్రతి ఎక్కడుంటుంది? మనలాంటి వాళ్ల ఇళ్లలోనే, తాతగారి ట్రంకుపెట్టెలో. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు ఆ పెట్టె కిందకు దిగుతుంది. పాత పేపర్లవాడు కాటా వేసి కిలోల లెక్కన తీసుకుపోతాడు. ఈ ప్రాంతంలో ఏటా ఎన్ని పెట్టెలు అలా పోతున్నాయో తలుచుకుంటే దిగులేస్తుంది.

మాస్టారికి విగ్రహం పెట్టాలన్న మాట వినబడుతుంది. పెట్టండి, మంచిదే. అంతకంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. ఇంటి పన్ను కట్టే ప్రతి ఇంటి నుంచీ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బు వసూలు చేసిన చోటే ఆగిపోకుండా గ్రంథాలయాలకు చేరాలి. పేపర్ కోసం పొద్దున్నే వచ్చి కూర్చునే ముసలివాళ్లతో పాటు పిల్లలు కూడా వచ్చేలా శాఖా గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాలు పడాలి. హైస్కూలు పిల్లల్ని విహారయాత్రకు అరసవల్లి, శ్రీకూర్మం తీసుకెళ్తుంటారు. అదే బస్సును ఒక గంట కథానిలయం దగ్గర ఆపితే ఏం పోయింది? తమ ఊరి పేరు, తమ ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో చూసుకున్న పిల్లవాడు తెలుగు పుస్తకాన్ని మరోలా పట్టుకుంటాడు.

ఇక పాఠకులను మేము ఒకటి అడుగుతున్నాం. అటక మీద ఉన్న పాత పెట్టెను ఒకసారి కిందకు దించండి. అట్ట లేకపోయినా పర్వాలేదు, చివరి పేజీలు పోయినా పర్వాలేదు. దీపావళి సంచిక అయినా, మూతపడిన చిన్న పత్రిక అయినా, మీ నాన్నగారు పెన్నుతో పేరు రాసుకున్న పుస్తకమైనా, దుమ్ము దులిపి సంవత్సరం చూసి కథానిలయానికి పంపండి. అక్కడి బైండ్లలో కొన్ని సంవత్సరాలకు జనవరి ఉంటుంది, ఫిబ్రవరి ఉండదు. ఆ ఫిబ్రవరి మీ అటక మీదే ఉండొచ్చు.