1877: పొదుపు నేర్పిన సంవత్సరం

ప్రభుత్వాలకు పొదుపు నేర్పిన సంవత్సరం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా 1877 అని చెప్పవచ్చు. ఆ ఏడాది మార్చిలో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు మ్యాచ్ జరిగి ఆస్ట్రేలియా 45 పరుగుల తేడాతో గెలిచింది, జులైలో వింబుల్డన్‌లో తొలి టెన్నిస్ పోటీలు జరిగాయి, ఏడాది చివర్లో ఎడిసన్ మనిషి గొంతును తగరపు రేకు మీద పట్టి మళ్లీ వినిపించాడు. ఇన్ని ఘనకార్యాలు జరిగినా మన పెద్దలకు మాత్రం ఆ రోజులు ధాత నామ సంవత్సరపు కరువుగానే గుర్తుండిపోయాయి. మనవాళ్లకు తిండి ధ్యాస ఎక్కువ.

విక్టోరియా రాణి ఇకపై భారత చక్రవర్తిని అని చాటడానికి వైస్రాయి లిట్టన్ జనవరి 1న ఢిల్లీలో దర్బారు తీర్చాడు. సుమారు 68,000 మంది అతిథులు, వారం రోజుల విందులు. సంస్థానాధీశులకు బహూకరించిన పట్టుజెండాలు ఎంత ఘనమైనవంటే, ఒక్కోదాన్ని ఎత్తడానికి ఇద్దరేసి బలిష్ఠులైన స్కాట్లాండు సిపాయిలు కావలసి వచ్చారు. పదేళ్ల నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా ఆ సభలో ఉన్నాడు. కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాల్లో వానలు లేక పొలాలు బీళ్లయి ఉన్నా మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు సైతం ఢిల్లీ వెళ్లారు. ఇంట్లో పొయ్యి వెలగనంత మాత్రాన ఊళ్లో పెళ్లి మానుకోలేము కదా.

ఈ ఏడాది అసలు కథానాయకుడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆంగ్ల అధికారి. 1874లో బీహారు, బెంగాలులలో కరువు వచ్చినప్పుడు ఆయన బర్మా నుంచి బియ్యం తెప్పించి, ఆకలిచావులు దాదాపు లేకుండా చూశాడు. కొంత బియ్యం మిగిలిపోయింది కూడా. అంతటి దుబారాను లండను పెద్దలు ఎలా సహిస్తారు? నానా మాటలూ అన్నారు. టెంపుల్ తెలివైనవాడు, ఒక్కసారికే బుద్ధి తెచ్చుకున్నాడు. 1877 జనవరిలో ఆయనను మద్రాసు రాష్ట్రానికి పంపినప్పుడు, కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టి మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. ఉప్పు, చింతపండు, కట్టెలు, ఒంటి మీద గుడ్డ, అన్నీ ఆ అణాలోనే చూసుకోవాలి. అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించాడు. వైద్యులకు ఖజానా బాధలు తెలియవు. ఆఖరికి మద్రాసు ప్రభుత్వమే మెత్తబడి కూలి పెంచింది, పొదుపు దెబ్బతింది. అయినా టెంపుల్ శ్రమ వృథా పోలేదు. అదే ఏడాది బొంబాయి గవర్నరు పదవి ఆయనను వరించింది.

ధాన్యం లేక కాదు సుమా! ఆ రోజుల్లో ఓడలెక్కి ఇంగ్లండు సీమకు వెళ్లిన మన దేశపు గోధుమలు మూడు లక్షల టన్నులకు పైమాటే. ధరలలో సర్కారు జోక్యం చేసుకోవడం అర్థశాస్త్రం ప్రకారం మహాపాపం కనుక లిట్టన్ ఆ పాపం మూటగట్టుకోలేదు. కరువు తీరేసరికి పోయినవారు యాభై లక్షలకు పైగా అని తరువాత లెక్క తేలింది. విందుకు వచ్చినవారి లెక్క మాత్రం మొదట్లోనే తేలిపోయింది.

ఆ శరత్కాలంలోనే మిలాన్‌లో షియాపరెల్లి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దుర్భిణిలో చూసి, అంగారకుడి మీద కాలువల వంటి గీతలున్నాయన్నాడు. వాటిని ఎవరు తవ్వారా అని లోకం కొన్ని దశాబ్దాలు తల బద్దలుకొట్టుకుంది. కరువు పని కింద మద్రాసులో అడయారు, కూవం నదుల మధ్య తవ్వించిన కాలువ విషయంలో అటువంటి అనుమానమే రాలేదు. నెల్లూరు మీదుగా కోస్తా వెంట సాగే ఆ జలమార్గం మొత్తానికీ బకింగ్‌హాం ప్రభువు పేరే పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు పెట్టాలంటే కాలువ పొడవు చాలదు మరి.