ముఖం చూసి బొట్టు పెట్టే తాళం

మా పిన్ని వేలిముద్ర ఏ యంత్రం మీదా సరిగా పడదు. ముప్పై ఏళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టిన చేతులవి. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద అద్దుకున్నా, ఆముదం రాసుకున్నా వేళ్ల కొసలు నల్లబడి, పొరలు లేచి, గీతలు అరిగిపోతాయి. రేషను దుకాణంలో ఒక్కో వేలూ మార్చి మార్చి నొక్కడం, వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కోవడం ఆమెకు అలవాటే. అందుకే ఏప్రిల్‌లో కొడుకు కొత్త ఫోను కొనిచ్చి, వేలితో పని లేదు, ముఖం చూపిస్తే చాలు అన్నప్పుడు ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

జూన్‌లో పక్కింటివాళ్ల ఫోను నుంచి కబురు వచ్చింది. "ముఖం పట్టడం లేదు నాయనా." కాశీబుగ్గలో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళితే ముందు కెమెరా పోయిందని, మార్చడానికి పన్నెండు వందలు అవుతుందని, కాదంటే ఫోనంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలని చెప్పారట. నేను శ్రీకాకుళం నుంచి వెళ్లి చూస్తే కెమెరాకు ఏమీ కాలేదు. రాత్రి కరెంటు లేక, ఛార్జింగు అయిపోయి ఫోను ఆగిపోయింది. ఉదయం మళ్లీ మొదలైంది. అలా మొదలైన ప్రతిసారీ ఫోను ముందు పిన్ అడుగుతుంది. ముఖాన్నీ, వేలినీ అప్పుడు ఒప్పుకోదు. ఆ సంగతి తెర మీద ఇంగ్లీషులో రాసే ఉంది. పిన్నికి ఇంగ్లీషు రాదు. పిన్ కూడా తెలియదు. వేసవి అంతా పక్కనే ఉండి, ఫోను అడిగినప్పుడల్లా ఆ నాలుగు అంకెలూ కొట్టింది మనవరాలు. బడులు తెరవగానే ఆ పిల్ల గురుకులానికి వెళ్లిపోయింది. ఆదివారం వార్డెను ఫోనులో ఆ పిల్లతో మాట్లాడే దాకా ఇంట్లో ఫోను ఉన్నా లేనట్టే.

ముఖంతో ఫోను తెరుచుకోవడం లేదని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ముఖంతో సంబంధమే ఉండదు. ఈ తాళానికి అసలు చెవి పిన్. దాన్ని మాటిమాటికీ తీయనక్కర లేకుండా ఇచ్చిన వెసులుబాటు మాత్రమే ముఖం. ఐఫోను ఐదుసార్లు ముఖం కుదరకపోతే పాస్‌కోడ్, అంటే దాని పిన్, అడుగుతుంది, 48 గంటలు తెరవకుండా ఉంచినా అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో మామూలు కెమెరా మీద ఆధారపడే ముఖ తాళమైతే కనీసం 24 గంటలకొకసారి పిన్ అడగాలని, నాలుగు గంటలు ఫోను ఊరికే పడి ఉన్నా, మూడుసార్లు గుర్తింపు తప్పినా అడగవచ్చని గూగుల్ నియమం. పది నిమిషాలకొకసారి ఫోను తీసి చూసుకునే ఆఫీసు ఉద్యోగికి ఈ నాలుగు గంటల సంగతి తెలియనే తెలియదు. పొద్దున సంచిలో పెట్టిన ఫోనును సాయంత్రం పని దిగాక తీసే కూలిమనిషికి రోజూ తగులుతుంది. నియమం ఒకటే. తగలడంలోనే తేడా.

ముఖం చూసి బొట్టు పెట్టడం అని మనకో మాట ఉంది. మనిషి స్థాయిని బట్టి మర్యాద అని అర్థం. ఫోన్లలో స్థాయి మనిషిది కాదు, ఫోను ధరది. 2017లో ఐఫోను టెన్‌తో వచ్చిన ఫేస్ ఐడీ అనే ముఖ తాళం కంటికి కనబడని పరారుణ చుక్కలను 30,000కు పైగా ముఖం మీద వేసి ముక్కు ఎత్తు, కంటిగుంట లోతు కొలుస్తుంది. చీకటిలోనూ పనిచేస్తుంది. వేరొకరికి పొరపాటున తెరుచుకునే అవకాశం 10 లక్షల్లో ఒకటికన్నా తక్కువని ఆపిల్ చెబుతుంది. కవలలకూ, పోలికలున్న తోబుట్టువులకూ, 13 ఏళ్లలోపు పిల్లలకూ ఆ లెక్క కుదరదని కూడా తనే చెబుతుంది. పలాస, టెక్కలి, చీపురుపల్లి దుకాణాల్లో మనం కొనే పది పదిహేను వేల ఫోన్లలో ఆ యంత్రాంగం ఉండదు. సెల్ఫీ కెమెరా తీసే చదునైన బొమ్మే వాటికి ఆధారం. ఇలాంటి తాళాలను గూగుల్ మూడు తరగతులుగా విడదీసింది. నకిలీని చూసి మోసపోయే రేటు 7 శాతానికి మించకపోతే గట్టి తాళం, 20 శాతం దాటితే అట్టడుగు తరగతి. చౌక ఫోన్ల ముఖ తాళం సాధారణంగా ఆ గట్టి తరగతికి చేరదు. అందుకే ఫోను తెరిచిన ముఖమే బ్యాంకు యాప్ గుమ్మం దగ్గర చెల్లదు. అక్కడ వేలో పిన్నో కావాలి. యాప్ చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఎక్కించుకున్నవాళ్లను నేను చూశాను. పోలికలున్న మనిషికి తెరుచుకోవచ్చని నమోదు చేసేటప్పుడే చాలా ఫోన్లు హెచ్చరిస్తాయి. ఆ తెర వచ్చే సమయానికి అందరి వేలూ 'తరువాత' అనే మీట మీదే ఉంటుంది.

చదునైన బొమ్మే ఆధారమైనప్పుడు ఆ బొమ్మకు ఏది అడ్డొస్తే అదే రోగం. ఆదివారం పిన్ తెలిసి ఫోను తెరుచుకున్నాక పిన్ని ఫోనులో నిజంగా ముఖానికి సంబంధించిన చిక్కులు అప్పుడు బయటపడ్డాయి. తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో ఫోను పట్టుకోవడం వల్ల కెమెరా గాజు మీద పలచని జిడ్డు పేరుకుంది. ఊరికే చూస్తే తెలియదు. సెల్ఫీ తీస్తే బల్బు చుట్టూ మంచు పట్టినట్టు కనబడుతుంది. పొందూరు ఖద్దరు అక్కరలేదు, పొడిగా ఉన్న పాత చీర ముక్కతో తుడిస్తే చాలు, సగం రోగం పోయింది. గాజు రక్షక పలక కొద్దిగా పక్కకు జరిగి దాని అంచు కెమెరా కన్నం మీదికి వచ్చింది, ఆ అంచు కింద దుమ్ము. పలక మార్చడానికయ్యే ఖర్చు కెమెరా మార్చడానికి అడిగిన దానిలో పదో వంతు కూడా కాదు. భావనపాడు వైపు వేటకు వెళ్లేవాళ్ల ఫోన్లలో ఇదే చోట ఉప్పు తేమ చేరుతుంది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. పిన్ని గుమ్మంలో కూర్చుని వీధి వైపు వీపు పెట్టి ఫోను చూసుకుంటుంది. వెనక ఎండ, ముఖం మీద నీడ. మన కళ్లు సర్దుకుంటాయి గానీ చిన్న కెమెరాకు నల్లని ఆకారమే కనబడుతుంది. సూర్యుడు వీపు వెనక ఉండకూడదని అరసవల్లి సూర్యదేవుడి గుడి ఉన్న జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? ఆమెను అటు తిరిగి కూర్చోమంటే మొదటిసారికే తెరుచుకుంది. రాత్రిపూట అయితే తెర వెలుగు పెంచాలి, ఆ కాంతే ముఖం మీద పడి పని చేస్తుంది. కొన్ని ఫోన్లలో చీకటిలో తెర తానే వెలిగేలా ఒక అమరిక కూడా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు నమోదులో జరిగింది. దుకాణంలో ట్యూబులైటు కింద, కళ్లజోడు తీసి, గడ్డం పైకెత్తి ఒక్కసారి చూపించిన ముఖం అది. ఇంట్లో ఆమె చత్వారపు కళ్లజోడుతో, ఒళ్లో పెట్టుకున్న ఫోనులోకి వంగి చూస్తుంది. ఫోను గుర్తుపెట్టుకున్న మనిషి వేరు, రోజూ వచ్చే మనిషి వేరు. పాత నమోదు తీసేసి, పగటిపూట వసారాలో, ముఖానికి మూరెడు దూరంలో, ఆమె మామూలుగా పట్టుకునే తీరులోనే కళ్లజోడుతో మళ్లీ చేశాం. ఇంకో ముఖానికి చోటిచ్చే ఫోన్లూ ఉన్నాయి. ఐఫోన్లలో 2018 నుంచి ప్రత్యామ్నాయ రూపం నమోదు చేసుకోవచ్చు. పొగకు, ఘాటుకు ముక్కూ నోరూ కలిపి కట్టుకునే గుడ్డకు మాత్రం చౌక ఫోనులో మందు లేదు. ఐఫోను 12, ఆ తర్వాతివాటికి 2022లో మాస్కుతోనూ తెరుచుకునే వీలు వచ్చింది. మిగతావాళ్లు గుడ్డ దించాల్సిందే, లేదా పిన్ కొట్టాల్సిందే. పిల్లల ట్యాబ్‌లది మరీ చిన్న చిక్కు. అడ్డంగా పట్టుకుంటే కెమెరా పక్కకు వెళ్లి బొటనవేలి కింద దాక్కుంటుంది.

ఐఫోను సంగతి ఒక్క మాట. తెర పగిలి బయట మార్పించాక ఫేస్ ఐడీ అందుబాటులో లేదని వస్తే సెట్టింగుల్లో వెతకడం దండగ. చుక్కలు వేసే భాగం ఆ ఫోనుకే జతచేసి ఉంటుంది. అది దెబ్బతింటే వేరే ఫోనుది తెచ్చి పెట్టినంత మాత్రాన పనిచేయదు. తెర ఇచ్చే ముందే దుకాణదారును ఈ విషయం అడగాలి.

ముఖాల మధ్య ఈ లెక్కలు తేడా చూపవా అంటే చూపుతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో 189 ముఖ గుర్తింపు పద్ధతులను పరీక్షించింది. చాలావాటిలో ఒకరిని చూసి ఇంకొకరనుకునే పొరపాటు తెల్లవారికన్నా ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవారి విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆసియా దేశాల్లో తయారైన కొన్నిటిలో ఆసియావారి విషయంలో అంత తేడా లేదు. అది ఫోను తాళాల మీద చేసిన పరీక్ష కాదు. అయినా ఎవరి ముఖాలు చూపించి నేర్పితే వాళ్లనే బాగా గుర్తుపట్టే గుణం ఈ విద్యలో ఉందని అది చెబుతోంది. బొట్టు సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఫోనులో తప్పితే పోయేది కాసేపటి ఓపిక. ముఖ గుర్తింపు ఇప్పుడు ఫోను దాటి వచ్చింది. పింఛనుదారులు బతికే ఉన్నారని చూపే జీవన ప్రమాణ పత్రానికి 2021 నుంచి ఉంది. అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పౌష్టికాహారానికి పోషణ్ ట్రాకర్ యాప్‌లో 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేశారు. ఇవి కుదరనప్పుడు ఫోనులో ముఖం చెరిపి మళ్లీ పెట్టుకునేవాళ్లున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఫోను తాళానికి వాడే ముఖం ఫోనులోనే ఉండిపోతుంది. ఆధార్ పోల్చి చూసేది తన దగ్గరున్న ఫోటోతో. అది పదేళ్ల నాటిదైతే ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్చుకోవాలి. కానీ ఫోనులో నాకు నచ్చే గుణం ఒకటి ఉంది. ముఖం పోల్చుకోలేకపోతే యజమానిని గుమ్మం బయటే నిలబెట్టి రేపు రమ్మనదు. వెంటనే పిన్ అడిగి లోపలికి రానిస్తుంది. బియ్యం, గుడ్లు, పింఛను ఇచ్చే యాప్‌లు ఆపాటి మర్యాద నేర్చుకోవాలి. వేలు అరిగిందని ముఖం అడిగి, ముఖం కుదరలేదని వెనక్కి పంపితే పిన్నిలాంటివాళ్లు ఇంకేమి చూపించాలి?

ఇక పిన్ అనే ఆ అసలు తాళంచెవి మనిషి దగ్గర లేకపోతే జరిగే నష్టం మరమ్మతు దుకాణాల్లో రోజూ కనబడేదే. పిన్ మరచిపోతే ఫోను చెరిపేయడమే దారి. ఫోటోలు ఎక్కడా దాచి ఉంచకపోతే పోయినట్టే. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ వల్ల చెరిపాక కూడా పాత గూగుల్ ఖాతా వివరాలు అడుగుతుంది. ఆ ఖాతా దుకాణం అబ్బాయో, చెన్నైలో ఉన్న కొడుకో తెరిచినదైతే మళ్లీ మొదటికే. ముఖం ఎంత బాగా పనిచేస్తే పిన్ అంత త్వరగా మరుపున పడుతుంది. నా మటుకు నేను వారానికొకసారి కావాలనే పిన్‌తో తెరుస్తాను.

గురుకులం నుంచి మనవరాలు చెప్పిన పిన్ ఆ పిల్ల పుట్టిన సంవత్సరమే. వీధిలో అందరికీ తెలిసిన అంకె. ఫోను భాష తెలుగులోకి మార్చి, కొత్త పిన్ పెట్టుకోమని పిన్ని చేతికిచ్చి నేను అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. ఏమి పెట్టుకున్నావు పిన్నీ అని అడిగితే, "నీకెందుకు నాయనా" అంది. మనవరాలికీ చెప్పలేదట.